రోహిణి కార్తెలో పిట్టలు ఎక్కడికి పోయాయి? మీకు కనబడినవి రాయండి

గండిపేట గోపి:
మార్చి దాకా ఈ పిట్టల గ్రూపులో రోజుకి నలభై ఫొటోలు పడేవి. వలస బాతులు వెళ్లిపోయాయి, వాటి వెనకే మీరూ వెళ్లిపోయారు. ఎండాకాలంలో అసలు పిట్టలే ఉండవన్నట్టు అందరూ బైనాక్యులర్స్ బీరువాలో పెట్టేశారు. నిన్న ఆదివారం చెరువు దగ్గర పిట్టలు చూసే వాక్‌కి వస్తామని పదకొండు మంది చేతులెత్తారు, చివరికి తేలింది ముగ్గురం. అందులో ఒకాయన చాయ్ కోసం వచ్చారు.

ఐదున్నరకి మొదలుపెడితే ఎనిమిదికల్లా కట్ట మీద చెయ్యి పెట్టలేకపోయాం. అయినా ఇరవై ఆరు జాతులు పడ్డాయి. అన్నిటికంటే బాగున్నది తీతువు. నీళ్లు వెనక్కి పోయిన చోట గులకరాళ్ల మధ్య గుడ్లు పెట్టింది. ఇరవై నిమిషాల్లో మూడుసార్లు లేచి నీటి అంచుకి పరుగెత్తింది, పొట్ట ముంచుకుంది, తడి పొట్టతో వచ్చి గుడ్ల మీద కూర్చుంది. పొదగడం కాదది, చల్లబరచడం. మనం కూలర్‌కి నీళ్లు పోసినట్టే.

అసలు ప్రశ్న ఇది. మా అపార్ట్‌మెంట్ వెనక నాలుగు కానుగ చెట్లు, కింద ఎండుటాకులు. నాలుగు రోజులుగా తెల్లవారుజామున ఐదుంపావుకి ఒక ఈల. రెండు ముక్కలు, మొదటిది సాగదీసి, రెండోది దింపి. మళ్లీ సాయంత్రం ఆరున్నర తర్వాత. మధ్యలో చడీచప్పుడూ ఉండదు. అరుపు విని పిట్ట పేరు చెప్పే మెర్లిన్ యాప్ పెడితే సరిగ్గా అప్పుడే బోరు మోటారు వేస్తారు, అది మోటారుని కూడా ఏదో గువ్వ అనుకుంటోంది. నాకు కనబడలేదు. ఊడ్చే అక్క మాత్రం చూసిందట. "తోక తెగిన కోడిపిల్ల సార్, పచ్చగా ఉంది, కింద ఎర్రగా ఉంది" అంది. ఏమై ఉంటుంది?

తాటిచెట్టు:
చాయ్ కోసం వచ్చింది నేనే. కానీ ఆ తీతువుని ముందు చూసింది కూడా నేనే, అది రాయలేదు మీరు.

లకుముకి:
పిట్టా. వంద శాతం పిట్టా.

బాల్కనీ పద్మ:
పిట్ట అని మాకూ తెలుసు. ఏ పిట్ట?

లకుముకి:
అదే పద్మగారూ, దాని ఇంగ్లీషు పేరే ఇండియన్ పిట్టా 😄

రిటైర్డ్ మాష్టారు:
పద్మగారి ప్రశ్నలో తప్పేమీ లేదు. ఆ పేరు మన దగ్గర నుంచే వెళ్లింది. తెలుగులో పిట్ట అంటే చిన్న పక్షి. ఆ మాటనే 1816లో వియో అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఈ ప్రజాతికి శాస్త్రీయ నామంగా పెట్టాడు. ఇవాళ ఆఫ్రికాలో ఉన్నదాన్నీ ఆస్ట్రేలియాలో ఉన్నదాన్నీ కూడా పిట్టా అనే అంటారు. దీనికి మనవాళ్ల పేరు పొన్నంకి పిట్ట. ఆ పేరు మాత్రం మనకే గుర్తులేదు, ప్రపంచానికి ఇంటిపేరు ఇచ్చి సొంత పేరు పోగొట్టుకున్నాం. తమిళులు దీన్ని ఆరు గంటల పిట్ట అంటారు. గోపి చెప్పిన వేళలు చూడండి, సరిగ్గా అదే.

గోపీ, అక్క చెప్పిన పోలిక అక్షరాలా నిజం. గోరింక అంత ఉంటుంది, తోక ఉండీ లేనట్టు. వీపు ఆకుపచ్చ, భుజం మీద మెరిసే నీలం, కంటి మీదుగా నల్లపట్టీ, తోక కింద కుంకుమ ఎరుపు. చెట్టెక్కి వెతక్కు, నేల మీద గెంతుతూ ఆకులు తిరగేస్తుంది. చలికాలమంతా దక్షిణాదిలో, శ్రీలంకలో గడిపి, గుడ్లు పెట్టడానికి వానలతోపాటు మధ్య భారతం వైపు, హిమాలయాల దిగువకి పోతుంది. రాత్రిళ్లు ఎగురుతుంది. మీ కానుగ చెట్లు దానికి దారిలో సత్రం.

గండిపేట గోపి:
మాష్టారూ, కాళ్లు వణుకుతున్నాయి. నాకు ఇది లైఫర్, అంటే జీవితంలో తొలిసారి చూసిన జాతి. అయిదేళ్లుగా దీనికోసం అనంతగిరి తిరిగాను, ఇంటి వెనకే ఉందా!

లకుముకి:
చూడందే లైఫర్ ఎలా అవుతుంది? అక్కకి లైఫర్. చూసిన పిట్టల చెక్‌లిస్ట్ ఆవిడ పేరు మీద వేయండి.

సీమ శ్రీను:
ఎండుటాకులు ఎత్తకుండా చూసుకో అన్నా. ఆకులు ఉంటేనే పురుగులు, పురుగులు ఉంటేనే అది. మా కాలనీలో రోజూ ఊడ్చి కాలబెడతారు. మా అత్తగారింట్లో రెండేళ్ల కింద ఇదే పిట్ట అద్దం కిటికీకి కొట్టుకుని స్నానాల గదిలో పడింది. చిలక అనుకుని పంజరం తెచ్చారు! అట్టపెట్టెలో పెట్టి చీకట్లో ఉంచి, సాయంత్రం తోటలో మూత తీస్తే గెంతుకుంటూ పోయింది.

గండిపేట గోపి:
ఆకుల సంగతే పెద్ద గొడవ. శనివారం అసోసియేషన్ మీటింగు. "పాములొస్తాయి" అంటారు ముందుగానే.

ఉద్దానం కుర్రోడు:
మీ హైదరాబాదు వాళ్ల పిట్ట గొడవ సరే. శ్రీకాకుళం జిల్లాలో మా తేలుకుంచికి కొంగలు దిగుతున్నాయి. మొన్న అయిదు, ఇవాళ పొద్దున్న ముప్పై దాకా. ఓపెన్‌బిల్స్. ముందు వచ్చినవి చింతచెట్టు మీద పాత గూళ్ల పుల్లలు లాక్కుంటూ కొట్టుకుంటున్నాయి. మా మామ్మ నిన్నే విత్తనాల బస్తా దింపించింది. కొంగ దిగితే వాన దిగినట్టే అంటుంది. డిసెంబరు దాకా ఇక మా వీధిలో గొడుగు లేకుండా నడవలేం, వాన వల్ల కాదు 😁

బాల్కనీ పద్మ:
పేపర్లో చదివాను, ఇవి సైబీరియా నుంచి వస్తాయట కదా. అంత దూరం నుంచి మన ఊరు గుర్తుపెట్టుకుని రావడం ఎంత గొప్ప!

సీమ శ్రీను:
అయ్యో అక్కా, మళ్లీ సైబీరియానా.

లకుముకి:
ప్రతి ఏడూ ఇదే. తేలుకుంచి కొంగ సైబీరియా, తేలినీలాపురం గూడబాతు సైబీరియా, ఉప్పలపాడులో వాలిందీ సైబీరియా. ఇంకా నయం, మా మేడ మీద పావురాన్ని అనలేదు.

రిటైర్డ్ మాష్టారు:
ఎగతాళి చేయకండి, అచ్చులో పడింది నమ్మడం తప్పు కాదు. పద్మగారూ, ఓపెన్‌బిల్, ఎర్రకాళ్ల కొంగ, గూడబాతు మూడూ మన ఉపఖండపు పక్షులే. నీళ్లు, మేత ఎక్కడుంటే అక్కడికి ఈ దేశాల మధ్యే తిరుగుతాయి, గూళ్లు మాత్రం ఇక్కడే కడతాయి. అదే గుర్తు. ఉత్తరాది చలి దేశాల నుంచి నిజంగా వచ్చే బాతులు, ఉల్లంకులు ఇక్కడ చలికాలం గడుపుతాయి కానీ గుడ్లు పెట్టవు. ఏ కొంగయినా మీ ఊరి చెట్టు మీద పిల్లల్ని లేపుతోందంటే అది ఈ చుట్టుపక్కల మనిషే.

ఉద్దానం కుర్రోడు:
మా ఊళ్లో కూడా సైబీరియా అనే చెబుతారు మాష్టారూ. నేను కాదంటే మా మామ్మ మొహం ముడుచుకుంటుంది. "అంత దూరం నుంచి కానుపుకి మనింటికొచ్చీసింది" అని దాని గర్వం. నేనింక వాదించడం మానేశాను.

ఇంకోటి. వాటి ముక్కు మధ్య సందు ఉంటుంది కదా, మూసినా మూతపడదు. పిల్లలకి ఆ సందు ఉండదు. గూట్లోంచి పడిన పిల్లని చూసి చిన్నప్పుడు ఇది వేరే జాతి అనుకునేవాణ్ణి. పొలంలో నత్తలు ఏరి తింటాయి కాబట్టి రైతులెవరూ వీటిని ఏమీ అనరు.

బాల్కనీ పద్మ:
సరే, సైబీరియా వాపసు తీసుకున్నాను. మామ్మగారికి మాత్రం చెప్పకండి.

నా లెక్క నేనూ రాస్తాను. నాది మూడో అంతస్తు, తూర్పు బాల్కనీ. మట్టి మూకుడులో నీళ్లు పెడుతున్నాను. ఈ నెలలో వచ్చినవి: పిగిలిపిట్టలు, గోరింకలు, ఒక రోజు వంగపండు జంట (అంత పసుపు నేను చీరలో తప్ప చూడలేదు), బుల్లి తేనెపిట్ట. తేనెపిట్ట తాగదు, మొక్కకి నీళ్లు కొడితే ఆకు మీద నిలిచిన తడిలో పొర్లుతుంది. మధ్యాహ్నం రెండింటికి కాకి నోరు తెరుచుకుని గోడ నీడలో నిలబడి ఉంటుంది, పక్కనే పావురం, పక్కనే ఉడుత. ఎవరూ ఎవర్నీ తరమరు ఆ టైములో. గింజలు కూడా పెడుతున్నాను.

లకుముకి:
గింజలు ఆపండి ప్లీజ్. నీళ్లు చాలు. గింజలకి పావురాలు తప్ప ఇంకేవీ రావు, వచ్చినవాటిని కూడా అవే తోసేస్తాయి. మా బ్లాకులో ఒకావిడ జొన్నలు పోసి ఇప్పుడు బాల్కనీకి వల కట్టించుకున్నారు.

బాల్కనీ పద్మ:
పిచ్చుకలు వస్తాయని ఆశ.

సీమ శ్రీను:
నీళ్లు రెండు అంగుళాల లోతు మించకుండా, మధ్యలో ఒక రాయి పెట్టండి అక్కా, జారకుండా నిలబడతాయి. నీడలో పెట్టండి. రోజూ పారబోసి పీచుతో రుద్దాలి, లేకపోతే దోమలకి పెంపకం అవుతుంది.

తాటిచెట్టు:
నీళ్ల మాట వచ్చింది కాబట్టి నేను చేసిన పాపం కూడా చెప్పుకుంటాను. పోయిన మే నెలలో ఎండ దెబ్బకి ఒక గద్ద రోడ్డు పక్కన పడిపోయింది. పాపం అని ముక్కు తెరిచి సీసాతో నీళ్లు పోశాను. నా చేతుల్లోనే పోయింది. పశువుల డాక్టరు తర్వాత చెప్పిండు, పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయట. గిన్నె ముందు పెట్టాలి, తాగితే తాగుతుంది. గుడ్డ కప్పి, బొక్కలు పెట్టిన అట్టడబ్బాలో, చీకట్లో, చల్లని చోట ఉంచి రెస్క్యూ వాళ్లకి ఫోన్ చేయాలి. పెరుగన్నం, పాలు ఏమీ పెట్టొద్దు. మంచి చేద్దామనే పోసిన. ఇప్పటికీ ఆ కళ్లు యాదికొస్తయి.

స్వాతి కొత్త:
ఇక్కడ మొదటిసారి రాస్తున్నాను. మా గేటు దగ్గర గోధుమ రంగు మీద తెల్ల చుక్కలున్న పిల్ల కూర్చుని అరుస్తోంది, కాకి వచ్చి నోట్లో పెట్టి పోతోంది. ఎత్తుకెళ్లిపోతుందేమోనని భయమేసి లోపలికి తెచ్చాను. ఏం పెట్టాలి?

రిటైర్డ్ మాష్టారు:
వెంటనే తెచ్చిన చోటే, కాస్త ఎత్తైన కొమ్మ మీద పెట్టేయండి అమ్మా. అది కోకిల పిల్ల. ఆ కాకి శత్రువు కాదు, పెంపుడు తల్లి.

స్వాతి కొత్త:
పెట్టేశాను. కాకి నన్ను నెత్తి మీద రెండుసార్లు తన్నింది. కానీ మేత పెడుతోంది 🙂

లకుముకి:
స్వాగతం. కాకి తన్నితేనే సభ్యత్వం పక్కా.

సీమ శ్రీను:
ఇక నా వార్త. నిన్న పొద్దున కరెంటు తీగ మీద చాతకం! పైన నలుపు, కింద తెలుపు, తల మీద జుట్టు నిక్కబొడుచుకుని, తోక చివర తెల్ల అంచు. "పియు, పియు" అని ఒకటే అరుపు. రాసి పెట్టుకోండి, మూడు రోజుల్లో వాన.

లకుముకి:
శ్రీనన్నా, సైబీరియాని కొట్టిపారేసి చాతకాన్ని నమ్ముతావా?

సీమ శ్రీను:
ఇది వేరు. ఇది నిజంగా ఆఫ్రికా నుంచి నైరుతి గాలితోపాటు వస్తుంది. డెహ్రాడూన్ వన్యప్రాణి సంస్థ వాళ్లు 2020లో రెండింటికి శాటిలైట్ ట్యాగులు కూడా కట్టారు.

లకుముకి:
కట్టింది ఉత్తరాదిలో. మన దక్షిణాదిలో ఉండేది ఇంకో రకం, కొంచెం చిన్నది, ఏడాది పొడుగునా ఇక్కడే ఉంటుంది. నువ్వు చూసింది ఏదో ఎలా తెలుసు? అదేమీ సముద్రం దాటి రాకపోవచ్చు, పక్క తుమ్మ చెట్టు నుంచి వచ్చి ఉండొచ్చు. నోరు లేస్తే మనకి కనబడుతుంది, అంతే. నేను జనవరిలో చిత్తూరు దగ్గర చూశాను, ఫొటో ఉంది. మూడు రోజుల్లో చుక్క పడలేదు.

సీమ శ్రీను:
జనవరిలో అరిచిందా? లేదు కదా. మౌనంగా కూర్చున్నది లెక్కలోకి రాదు. నేను చెప్పేది అరుపు గురించి.

తాటిచెట్టు:
మా తాత గొల్లకోకిల అనేటోడు దీన్ని. వాన చుక్కలే తాగుతుందంటారు గానీ, నేను చూసినప్పుడు నోట్లో బొచ్చు గొంగళిపురుగు ఉంది.

రిటైర్డ్ మాష్టారు:
మీ ఇద్దరి కోసం అటక మీది పాత నోటుపుస్తకాలు దింపాను, తుమ్ములు ఆగట్లేదు. మొదటి చాతకం అరుపు, మొదటి గట్టి వాన, రెండు తేదీలూ ఏటా రాసుకునేవాణ్ణి. సగం ఏళ్లు కూడా వారం లోపు కుదరలేదు. ఒక ఏడాదైతే చాతకం అరిచాక ఇరవై రోజులు ఎండ మండింది, మా ఆవిడ అప్పుడు రాసిన వాక్యం పక్కనే ఉంది: "మీ పక్షికి కేలండరు కొనివ్వండి." కానీ శ్రీను మాట పూర్తిగా కొట్టివేయలేను. తొలకరి ముందే అది అరవడం మొదలుపెడుతుంది, ఎందుకంటే గుడ్లు దించాల్సింది ఏడుగురు అక్కచెల్లెళ్ల (గుంపుగా తిరిగే బాబ్లర్ పిట్టల) గూళ్లలో, అవి గూళ్లు కట్టేది ఈ రోజుల్లోనే. దాని కన్ను ఆ గూటి మీద, మన కన్ను మబ్బు మీద.

సీమ శ్రీను:
అంటే గెలిచింది ఎవరు మాష్టారూ?

రిటైర్డ్ మాష్టారు:
మా ఆవిడ.

తాటిచెట్టు:
నా పేరు చూసి అడుగుతుంటారు కాబట్టి తాటిచెట్టు సంగతే రాస్తున్నా. మాది గీత పని చేసే ఇల్లు. పొలం గట్టున తల పోయిన తాటిమోడు ఒకటి ఉంది, గాలివానకి మీద పడుతుందని నాయిన ఏడాదిగా కొట్టించేద్దాం అంటుండు. ఏప్రిల్‌లో పైన పాలపిట్ట జంట దిగింది. మీరంతా దసరా నాడు చూసి దండం పెట్టుకుంటారు, అప్పుడది బుద్ధిగా తీగ మీద కూర్చుంటుంది. ఇప్పుడు చూడాలి దాన్ని. ఆకాశంలోకి ఎక్కి, రెక్కలు అటూ ఇటూ దొర్లించుకుంటూ, గొంతు చించుకుంటూ కిందికి పడుతుంది. కూర్చుంటే మట్టి రంగు, లేస్తే రెండు నీలాలు.

మొన్న రెండు గంటలు కట్టెల కుప్ప చాటున కూర్చున్నా. మగా ఆడా తెలియదు, ఒకటి తొండపిల్లని పట్టుకొచ్చి మోడు అంచుకేసి అయిదారు దెబ్బలు కొట్టింది, మెత్తబడ్డాక లోపలికి దిగింది. లోపల పిల్లల గోల బయటికి వినబడింది. నాయిన కూడా విన్నడు. "దీనమ్మ, కిరాయికి ఉన్నట్టుంది, ఖాళీ చేసినంక చూద్దాం" అన్నడు. అట్ల మోడు ఆగింది.

ఇంకోటి, మా ఈతచెట్టుకి గిజిగాడు పని మొదలుపెట్టలేదు. మగవాటికి తల పసుపు తిరిగింది, ఈతాకు చీరుకుపోతున్నయి గానీ ముడి వేయట్లేదు. తొలకరి పడి వరి నారు లేస్తే అప్పుడు చూడాలి హడావుడి. సగం గూడు కట్టి వేలాడుతూ రెక్కలు కొట్టుకుంటుంది, ఆడది వచ్చి లోపల చూసి నచ్చకపోతే పోతుంది. నగరంలో ఆ గూళ్లు హాల్లో అలంకారానికి అమ్ముతుంటారు. ఖాళీవే అంటారు గానీ, కొమ్మతో సహా నరికి తెచ్చిన గూట్లో గుడ్డు పెంకులు చూసిన. కొనకండి.

బాల్కనీ పద్మ:
మా హాల్లో ఒకటి ఉంది. ఇప్పుడేం చేయాలి?

తాటిచెట్టు:
ఉన్నది ఉండనియ్యండి అక్కా. ఇంకోటి కొనకుండా ఉంటే చాలు.

లకుముకి:
పాలపిట్ట తెలంగాణకే మిగిలింది, గుర్తుందా? విభజన తర్వాత 2018లో ఆంధ్ర రామచిలుకని రాష్ట్ర పక్షి చేసుకుంది.

సీమ శ్రీను:
మా ఊరి పాలపిట్టకి ఆ జీవో అందలేదు, ఇంకా తీగ మీదే ఉంది.

డాలస్ డేగ:
ఇక్కడ వేసవి చివర అంటే ఆగస్టు. పర్పుల్ మార్టిన్‌లని వానకోయిల లాంటి పిట్టలు దక్షిణ అమెరికా ప్రయాణానికి ముందు వేలల్లో పోగవుతాయి, మాల్ పార్కింగ్ చెట్ల మీద. అమెరికా తూర్పు వైపు అవి దాదాపు మనుషులు కట్టిపెట్టిన పెట్టెల్లోనే గూడు పెడతాయి. అయినా ఈ చర్చ చదివాక, ఒక తీతువు అరుపు వినాలనిపించింది. మా నాయనమ్మ అది రాత్రి ఇంటి మీదుగా అరిస్తే రాయి తీసుకునేది, అపశకునమని.

తాటిచెట్టు:
మృగశిర నాడు చేపలు తినేది మనం, ముందుగా తినేది ఈ పైన లకుముకి. మా చెరువులో మిగిలిన గుంటలో పొద్దంతా వేట. చేపలన్నీ ఒకే చోటికి చేరినయి, దానికి పండగ.

లకుముకి:
నన్నా, పిట్టనా?

గండిపేట గోపి:
వార్త. చూశాను!!! ఇవాళ పొద్దున ఐదుం ఇరవైకి. అక్క చీపురు పక్కన పెట్టి వేలు చూపించింది. నీటి కుండీ వెనక, ఆకుల మీద. ముందు ఆకు కదిలింది, తర్వాత కన్ను. నాలుగు గెంతులు గెంతి, ఒక ఆకు ముక్కుతో పక్కకి విసిరి, వానపాముని పొడుగ్గా లాగింది, రబ్బరు బ్యాండులా. ఫొటో తీయలేదు. కెమెరా పైన ఉంది, లిఫ్టు కోసం వెళితే పోతుందని కదల్లేదు. తల పైకెత్తి, గొంతు వెనక్కి విరిచి ఆ ఈల వేసింది. మూడు గజాల దూరం.

లకుముకి:
ఫొటో లేదా. ఊఁ.

రిటైర్డ్ మాష్టారు:
అక్క సాక్షి ఉంది. నేను ఒప్పుకుంటున్నాను.

గండిపేట గోపి:
మీటింగులో పాముల మాట వచ్చింది. ముందుభాగం ఊడ్చి, వెనక కానుగల కింద జూన్ నెలాఖరు దాకా వదిలేయడానికి ఒప్పుకున్నారు. కాల్చడం పూర్తిగా ఆపారు. దానికి కారణం పిట్ట కాదు, సెక్రటరీ గారి ఆస్తమా.

సీమ శ్రీను:
మా ఊళ్లో రాత్రి వాన. మూడు రోజులు కాదు, అయిదు. అయినా రాస్తున్నాను.

ఉద్దానం కుర్రోడు:
ఇక్కడ ఇంకా లేదు. కొంగలు వందకి చేరాయి, మబ్బు పడుతోంది, పోతోంది. మామ్మ రోజూ వాటిని తిడుతోంది, "దిగింది దిగారు, దాన్ని తేకుండా దిగారు" అని.

గండిపేట గోపి:
ఇక్కడా నిన్న సాయంత్రం కొట్టింది, గంటసేపు. ఇవాళ ఐదుంపావుకి కిటికీ తీసి కూర్చున్నాను. ఈల లేదు. అక్క చెట్ల కింద తిరిగి వచ్చి "మీ కోడిపిల్ల పోయింది సార్" అంది. ఆదివారం అనంతగిరి పోదామా? నాలుగింటికి బయల్దేరితే వెలుగొచ్చేసరికి చేరతాం. కారులో ముగ్గురికి చోటుంది, ఒకటి అక్కకి ఉంచాను.

తాటిచెట్టు:
నేను వస్తా. చాయ్ దారిలోనా, దిగాకనా?